మంచు వేదికపై అభ్యాసమూ వైరాగ్యమూ

2020 మార్చి చివరి వారంలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నగరంలో హృదయవిదారకమైన ఒక పరివర్తన జరిగింది. 'పలాసియో దె ఇయెలో' అనే వాణిజ్య సముదాయంలో ఐస్ స్కేటింగ్ రింక్ ఉన్నది. ఆ పేరుకు 'మంచు ప్రాసాదం' అని అర్థం. నగరంలోని అంత్యక్రియల వ్యవస్థ మృతుల సంఖ్యను భరించలేని స్థితికి చేరినందున, శీతలత్వం సిద్ధంగా ఉన్న ఆ స్థలాన్ని అధికారులు శవాగారంగా మార్చారు. సుమారు నెలరోజుల కాలంలో వెయ్యికి పైగా పార్థివ దేహాలు ఆ వేదికపై తమ అంతిమయాత్రకై వేచి ఉన్నాయి. అంతకు కొద్ది వారాల ముందు వరకూ పిల్లలు కేరింతలు కొట్టిన చోటు అది. ఏప్రిల్ ముగియక ముందే ఆ ఏర్పాటును ఉపసంహరించారు. తరువాతి కాలంలో అదే చోట మనుష్యులు మళ్ళీ పాదాలకు ఉక్కు పలకలు బిగించుకొని జారసాగారు.

క్రీడాస్థలం శ్మశానమై, శ్మశానం తిరిగి క్రీడాస్థలమైన ఈ వృత్తాంతం శైవ సంప్రదాయం తెలిసినవారికి పూర్తిగా అపరిచితం కాదు. పితృవనంలో నర్తించే దైవాన్ని ఆరాధించే దేశం ఇది. అయితే అక్కడ నర్తించేవాడు మృత్యుంజయుడు. మర్త్యుడైన మానవుడు అదే చోట అడుగు పెట్టవలసి వచ్చినప్పుడు, ఒక క్షణం ఆగి, "మళ్ళీ ఎందుకు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడగడం అతని దౌర్బల్యం కాదు, వివేకానికి ప్రథమ లక్షణం.

మహమ్మారి కాలంలో ఈ ప్రశ్న ప్రపంచంలోని అనేక నగరాల్లో ఒక చిన్న సముదాయాన్ని ప్రత్యేకంగా వేధించింది. నడివయస్సులో, కొందరైతే షష్టిపూర్తి దాటిన తరువాత, కేవలం ఆనందం కోసం ఐస్ స్కేటింగ్ అభ్యసించేవారు ఆ సముదాయం. బాల్యంలో నేర్చి, వివాహం, ఉద్యోగం, సంతానం అనే సంసార ప్రవాహంలో విడిచిపెట్టి, ఇరవై ఏళ్ళకు తిరిగి వచ్చినవారు కొందరు. పిల్లలను శిక్షణకు తీసుకువెళ్ళి, అంచున చలికి వణుకుతూ కూర్చోవడం కంటె తామూ దిగడమే మేలని స్కేట్లు కట్టుకున్న తల్లిదండ్రులు మరికొందరు. ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అటువంటివారు లేకపోలేదు. ఈ వయోజనుల కోసం అమెరికాలో 1995 నుండి జాతీయ స్థాయి పోటీలు జరుగుతున్నాయి. జర్మనీలోని ఓబెర్స్ట్‌డోర్ఫ్ అనే పర్వతగ్రామం వయోజనుల అంతర్జాతీయ పోటీలకు నెలవు. అక్కడ ఇరవై ఎనిమిదేళ్ళ వయస్సు నిండినవారు ప్రవేశార్హులు. ఇతర క్రీడల్లో నిష్క్రమణ మొదలయ్యే వయస్సు ఇక్కడ ప్రవేశ వయస్సు కావడం గమనించదగినది.

2020 మార్చిలో మాంట్రియల్ నగరంలో జరగవలసిన ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీలు రద్దయ్యాయి. ఆ వెంటనే దేశదేశాల రింకులు మూతపడ్డాయి. ఇంగ్లండులో మార్చిలో మూసినవాటికి ఆగస్టు 15 నుండి అనుమతి లభించింది. నవంబరులో మళ్ళీ మూశారు. తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం అనే ఈ అనిశ్చితి ఒకే దీర్ఘ విరామం కంటె మనస్సును ఎక్కువగా శిథిలం చేసింది. ఒకసారి పోయినదాని కోసం శోకించి ఊరుకోవచ్చు. వస్తూ పోతూ ఉండేదానిపై ఆశ చావదు, నమ్మకం నిలవదు.

అప్పుడు వారిలో రెండు స్వరాలు వినిపించాయి. "ఇంతకాలం అది లేకుండా గడిచింది కదా, ఇక అవసరమేమున్నది? బంధం తెగిపోయింది, అంతే" అన్నది మొదటిది. "ఇప్పుడు వెళ్ళకపోతే ఇక ఎన్నటికీ వెళ్ళలేను, నేర్చినదంతా నశిస్తుంది" అన్నది రెండవది. మొదటి స్వరం వైరాగ్యపు భాష మాట్లాడుతుంది. రెండవది అభ్యాసపు భాష మాట్లాడుతుంది. ఆధ్యాత్మిక గ్రంథాలతో పరిచయమున్నవారు ఈ భాషలు వినగానే తలవంచుతారు. కాని రెండు స్వరాల వేషాన్నీ తొలగించి చూడవలసి ఉన్నది.

ముందుగా మొదటిదానిని పరిశీలించాలి. దహనవాటిక నుండి తిరిగివచ్చేవాడికి దారిలో సర్వమూ మిథ్య అనిపిస్తుంది. ఇల్లు చేరి, స్నానం చేసి, ఆకలి వేయగానే ఆ భావం ఆవిరైపోతుంది. దానిని పెద్దలు శ్మశాన వైరాగ్యమన్నారు. 2020లో ప్రపంచమంతా కొన్ని నెలలపాటు అదే దారిలో నడిచింది. ఆ రోజుల్లో "ఈ ఆటలన్నీ ఎందుకు?" అనిపించడం సహజం. అనిపించకపోతేనే ఆశ్చర్యపడాలి. అయితే ఆ భావం నిజమైన విరక్తి అవునా కాదా అని తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. విరక్తుడు విడిచినదాని స్థానంలో మరొకదానిని తెచ్చి పెట్టడు. రింకును విడిచినవాడు ఆ ఉదయపు గంటను ఏమి చేశాడు? ధ్యానానికో, సేవకో, కనీసం కుటుంబంతో ప్రశాంతంగా గడపడానికో ఇచ్చాడా, లేక పరుపుపై దొర్లుతూ ఫోనులో ఇతరుల స్కేటింగ్ దృశ్యాలను చూశాడా? రెండవదే అయితే విషయం పోలేదు, విషయానుభవంలోని శ్రమ మాత్రమే పోయింది. భగవద్గీత రెండవ అధ్యాయంలో నిరాహారి గురించి చెప్పిన సూక్ష్మం ఇదే. విషయాలు తొలగినా వాటి రుచి తొలగదు. లాక్‌డౌన్ బలవంతంగా పెట్టిన ఉపవాసాన్ని సన్యాసమని పిలుచుకోవడం ఆత్మవంచన.

పతంజలి మహర్షి యోగసూత్రాల ప్రథమ పాదంలో చిత్తవిక్షేపాలను పేర్కొంటూ తొమ్మిది అంతరాయాలను లెక్కించాడు. వాటిలో మొదటిది వ్యాధి. మహమ్మారి కథ అక్కడ మొదలైంది. మూడవది సంశయం, అయిదవది ఆలస్యం, అంటే బద్ధకం. చివరిది అనవస్థితత్వం. చేరిన భూమికలో నిలబడలేకపోవడం. ఈ చివరిది వ్యాఖ్యాతల చేతిలో సాధారణంగా త్వరగా దాటిపోతుంది. నిజానికి విరామానంతరం తిరిగివచ్చేవాడి దుఃఖమంతా ఇందులోనే ఉన్నది. ఎన్నడూ చేరనివాడికి ఈ బాధ లేదు. ఒకప్పుడు చేరి, ఇప్పుడు అదే చోట నిలబడలేనివాడికి మాత్రమే ఈ బాధ.

స్కేటింగ్‌లో ఇది ఎంత స్థూలంగా, ఎంత నిర్దయగా కనబడుతుందో చెప్పడానికి ఆ విద్య స్వరూపం కొంత తెలియాలి. ఫిగర్ స్కేట్ క్రింది ఉక్కు పలక కత్తివలె ఒకే అంచుతో ఉండదు. దాని అడుగుభాగం సన్నని కాలువవలె మధ్యలో తవ్వబడి ఉంటుంది. అందువల్ల ఒక్కొక్క పలకకు లోపలి అంచు, వెలుపలి అంచు అని రెండు ఏర్పడతాయి. ఉత్తమ స్కేటరు రెండు అంచులపై సమానంగా నిలబడడు. ఎప్పుడూ ఏదో ఒక అంచుపై ఒరిగి, వక్రరేఖలో ప్రయాణిస్తాడు. లోపలి అంచు సులభం. అక్కడ దేహం తన మధ్యరేఖ వైపే ఒరుగుతుంది. వెలుపలి అంచుకు దేహాన్ని శూన్యం వైపు ఒరగనివ్వాలి. పడబోతున్నామని ప్రతి కండరమూ అరుస్తుండగా ఒరగనివ్వాలి. అలా ఒరిగినవాడే పడడు. సంశయించి నిటారుగా నిలబడబోయినవాడు పడతాడు. శరణాగతిని గూర్చి వందల పుటలు చదివినవారికి కూడ ఈ ఒక్క అంచు కొంత కొత్తగా బోధించగలదు.

ఆరు నెలలు, సంవత్సరం విరామం తరువాత మొట్టమొదట పోయేది ఆ వెలుపలి అంచు. చీలమండలు వణుకుతాయి. పెట్టెలో మిగిలిన బూటు తోలు బిగుసుకొని ఉంటుంది. తడి సరిగా తుడవకుండా దాచినవారి పలకలకు తుప్పు పట్టి ఉంటుంది. ఊపిరి త్వరగా అందకుండా పోతుంది. దేహశాస్త్రం చెప్పేది కూడ ఇదే. దమ్ము కొద్ది వారాల్లోనే క్షీణిస్తుంది, చేతులకు కాళ్ళకు అలవడిన నైపుణ్యం మాత్రం సంవత్సరాల తరబడి నిలుస్తుంది. కనుక తిరిగివచ్చినవాడికి విచిత్రమైన అనుభవం కలుగుతుంది. ఏమి చేయాలో దేహానికి తెలుసు, చేసే శక్తి మాత్రం దేహానికి లేదు. జ్ఞాపకం ముందు పరుగెత్తుతుంది, మోకాళ్ళు వెనుక మిగులుతాయి. గాయాలకు ఎక్కువగా అవకాశమిచ్చే క్షణం ఇదే. ఏమీ తెలియని ప్రారంభకుడు అంచున ఉన్న గోడ పట్టుకుంటాడు. ఒకప్పుడు తెలిసినవాడు గోడ పట్టుకోవడానికి సిగ్గుపడతాడు.

ఆ సిగ్గును అహంకారమని ఒక్కమాటలో తేల్చివేయడం అన్యాయమవుతుంది. నలభై అయిదేళ్ళ స్త్రీ నాలుగు సంవత్సరాలు శ్రమించి, ఒక చిన్న ఎగురును, అర చుట్టు మాత్రమే తిరిగే వాల్ట్జ్ జంప్‌ను, భయం లేకుండా చేయగల స్థితికి చేరిందని ఊహించవచ్చు. పదేళ్ళ పిల్లలు అదే ఎగురును వారం రోజుల్లో నేరుస్తారు. ఆమెకు పతకం రాదు, వృత్తి ఏర్పడదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ నాలుగేళ్ళూ ఆమె తన భయంతో పోరాడింది. యోగశాస్త్రం అభినివేశమని పిలిచే ప్రాణభయం విద్వాంసులలో సైతం స్వభావసిద్ధంగా ప్రవహిస్తుందన్నారు. ఆ ప్రవాహానికి ఆమె ఒక చిన్న ఆనకట్ట కట్టింది. ఇప్పుడు తిరిగివెళితే ఆ ఆనకట్ట తెగిపోయిందని తెలుస్తుందేమో అన్నది ఆమె అసలు శంక. వెళ్ళకపోతే తెలియదు. తెలియకుండా ఉండడం కోసమే చాలామంది వెళ్ళలేదు. "ఆసక్తి పోయింది" అని చెప్పుకోవడం "తెలుసుకోవడానికి భయంగా ఉన్నది" అని చెప్పుకోవడం కంటె గౌరవంగా వినిపిస్తుంది.

ఇక్కడే గీత ఆరవ అధ్యాయం చివరి భాగం స్మరణకు రావాలి. మనస్సును నిగ్రహించడానికి అభ్యాసమూ వైరాగ్యమూ రెండూ కావాలని భగవానుడు చెప్పిన తరువాత, అర్జునుడు చాల మానుషమైన ప్రశ్న ఒకటి అడిగాడు. శ్రద్ధతో మొదలుపెట్టి, మధ్యలో చలించి, సిద్ధి పొందకుండా ఆగిపోయినవాడి గతి ఏమిటి? ఇహమూ పరమూ రెండూ కోల్పోయినవాడు అవుతాడా? యోగభ్రష్టుడికి వినాశం లేదని సమాధానం వచ్చింది. పూర్వం సంపాదించిన బుద్ధిసంస్కారం అతడిని వెదుక్కుంటూ వస్తుంది. తన ప్రయత్నం లేకుండానే పూర్వాభ్యాసం అతడిని లాగుకొనిపోతుంది. అది జన్మాంతరాల విషయం, మోక్షసాధన విషయం. మంచుమీద జారడానికి దానిని యథాతథంగా అన్వయించడం చాపల్యమని ఆక్షేపించేవారు ఉండవచ్చు, ఆ ఆక్షేపం న్యాయమే. కాని సంస్కారం అనే పదార్థం పనిచేసే తీరు రెండు చోట్లా ఒకటే. ఒకే జన్మలో, ఒకే దేహంలో, కంటికి కనబడే విధంగా అది పనిచేయడం చూసినవాడికి, జన్మాంతరాలలో పనిచేస్తుందన్న మాటపై విశ్వాసం కలగడానికి అది సోపానం కావచ్చు. తిరిగివచ్చిన స్కేటరు మూడవ రోజునో నాలుగవ రోజునో, ఆలోచించకుండానే, ముందుకు జారుతూ వెనుకకు తిరిగే చిన్న మలుపును తన కాలు తానే చేసుకోవడం గమనిస్తాడు. అతడు చేయలేదు, జరిగింది. పూర్వాభ్యాసం లాగుకొనిపోయింది.

అయితే రెండవ స్వరం మాటేమిటి? "వెళ్ళకపోతే అంతా పోతుంది" అనే ఆ తొందర కూడ నిర్దోషం కాదు. అది ప్రేమవలె కనబడే లోభం. సంపాదించిన నైపుణ్యాన్ని ధనంవలె దాచుకోవాలనే తపన. సంస్కారం నశించదని తెలిసినవాడికి ఆ తొందర అవసరం లేదు. ఒక ఋతువు ఆగి వెళ్ళినా కొంప మునగదు.

ఈ ఆగడం ఎందుకు అవసరమయిందో గుర్తుచేసుకోవాలి. 2020 జూన్ 16న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపా పరిసరాల్లోని ఒక రింకులో వినోదార్థం ఒక ఐస్ హాకీ ఆట జరిగింది. రెండు జట్లు, జట్టుకు పదకొండు మంది. అందరూ పందొమ్మిది నుండి యాభై మూడు సంవత్సరాల మధ్య వయస్సు పురుషులు. ఆడినవారిలో ఒకరికి మరునాడు జ్వరలక్షణాలు కనిపించాయి. అయిదు రోజులు గడిచేసరికి ఆ 22 మందిలో 14 మంది, రింకు సిబ్బందిలో ఒకరు అస్వస్థులయ్యారు. మూసిన గోడలు, చల్లని గాలి, రొప్పుతూ వదిలే ఊపిరి, ఇరుకైన బల్లలపై భుజం భుజం తగిలేలా కూర్చోవడం, ఇవన్నీ కలిసి ఒక సాయంకాలపు ఆనందాన్ని ఇన్ని ఇళ్ళకు చేర్చిన విధం ఇది. వారెవరికీ దురుద్దేశం లేదు. ఎన్నాళ్ళకో దొరికిన ఆట కోసం వచ్చినవారే.

కనుక నిర్ణయించుకోవలసినవాడు ఒంటరి జీవి కాడు. అతని ఊపిరి అతని ఇంట్లో ఆగదు. ఇంట్లో ఎనభై ఏళ్ళ తల్లి ఉండవచ్చు, మూత్రపిండాల వ్యాధితో చికిత్స పొందుతున్న భర్త ఉండవచ్చు. అటువంటి ఇంటి నుండి వచ్చిన స్కేటరు 2020 శరత్కాలంలో రింకుకు వెళ్ళకపోతే, దానిని భయమని అనడానికి నోరు రాకూడదు. అది గృహస్థధర్మం. కర్మలను నిత్య, నైమిత్తిక, కామ్యాలుగా విభజించిన మీమాంసకుల దృష్టి ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. నిత్యకర్మ మానితే ప్రత్యవాయ దోషం ఉన్నది. కామ్యకర్మ మానితే ఫలం రాకపోవడమే తప్ప దోషమేమీ లేదు. మాతృసేవ మొదటి కోవలోనిది, మంచుపై విహారం రెండవ కోవలోనిది. రెండూ ఢీకొన్నప్పుడు ఏది తగ్గాలో సందేహించవలసిన పనిలేదు.

మీమాంసాదర్శనంలోనే ఇంకొక ఆసక్తికరమైన విచారం ఉన్నది. వైదికమైన కామ్యకర్మను ఆరంభించినవాడు, మధ్యలో కోరిక తీరిపోయినా సరే, దానిని పూర్తి చేసి తీరాలని ఆరవ అధ్యాయంలో నిర్ణయించారు. మరి లౌకికమైన పనులో? ఇల్లు కట్టడం, బండి చేయడం వంటివి మొదలుపెట్టినవాడు మధ్యలో విడిచిపెట్టవచ్చునా? విడిచిపెట్టవచ్చు, అక్కడ ఆ నియమం లేదన్నారు. ఆ పూర్వులు ఎంత కరుణతో ఆలోచించారో! లౌకిక వ్యాపారాలను ఆరంభించిన మాత్రాన మనిషి వాటికి దాసుడు కానక్కరలేదు. "ఇన్నేళ్ళు చేశాను, ఇంత ఖర్చు పెట్టాను, ఇప్పుడు ఎలా మానను?" అనేవారికి ఇంతకంటె స్పష్టమైన విముక్తిపత్రం దొరకదు. వెయ్యి డాలర్ల బూట్లు కొన్నాము గనుక వెళ్ళితీరాలి అన్నది శాస్త్రసమ్మతం కాదు, లోకసమ్మతం కూడ కాదు.

ఈ విముక్తి లభించిన తరువాతనే అసలు ప్రశ్న శుద్ధంగా మిగులుతుంది. మానడానికి దోషం లేదు. వెళ్ళడానికి నిర్బంధం లేదు. నైపుణ్యం పూర్తిగా నశించదు గనుక తొందర లేదు. ఇంట్లో ఆపద పొంచి లేదు, లేదా టీకాలు, కాలం కలిసి దానిని తగ్గించాయి. అప్పుడు కూడ ఉదయాన మెలకువ రాగానే పాదాలకు ఆ జారుడు గుర్తుకు వస్తున్నదా? వస్తున్నట్లయితే, వెళ్ళడంలో అధర్మమేమున్నది?

ఇక్కడ ఆధ్యాత్మిక వర్గాలలో ఒక మొండి అభిప్రాయం అడ్డువస్తుంది. దేహం జడం, క్రీడ దేహసంబంధి, కాబట్టి మహమ్మారి దానిని తెంచివేయడం దైవానుగ్రహమే, తిరిగి పట్టుకోవడం అవివేకమని కొందరి వాదం. వినడానికి ఇది గంభీరంగా ఉంటుంది. కాని ఇలా అనేవారిలో ఎందరు మహమ్మారి తెంచిన విందులను, తీర్థయాత్రలను, సభలను తిరిగి పట్టుకోలేదు? దేవాలయాలు కూడ మూతపడ్డాయి. తిరుమలలో 2020 మార్చి నుండి జూన్ వరకు భక్తులకు దర్శనం లేదు. తలుపులు తెరవగానే వెళ్ళినవారిని అవివేకులని ఎవరూ అనలేదు. దర్శనమూ క్రీడా ఒకటే అని ఇక్కడ చెప్పడం లేదు, వాటి మధ్య తారతమ్యం అపారం. విరామమే వైరాగ్యానికి ప్రమాణమైతే ఆ ప్రమాణం అన్నిచోట్లా వర్తించాలి. వర్తించదు గనుక అది ప్రమాణం కాదు. నచ్చని వస్తువుపై మాత్రమే వేదాంతాన్ని ప్రయోగించడం వేదాంతానికి గౌరవం కాదు.

ఇంకొక వైపు అతిశయోక్తి కూడ ఉన్నది. వయోజన స్కేటర్లకు పతకాలు, జీతాలు లేవు గనుక వారిది నిష్కామకర్మ అని పొగడేవారు కనిపిస్తారు. ఇది సరికాదు. వారికి కామన ఉన్నది, ఆనందమే ఆ కామన. చల్లని గాలి ముఖానికి తాకడం, ఒంటికాలిపై కొన్ని క్షణాల నిశ్శబ్దం, తన బరువు తనకే తెలియని ఆ స్థితి, ఇవన్నీ వారికి ప్రియమైనవి. ప్రియాన్ని ప్రియమని ఒప్పుకోవడంలో అవమానమేమీ లేదు. ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని భగవానుడు గీత ఏడవ అధ్యాయంలో చెప్పియున్నాడు. ఆ అనుమతి చాలు, అంతకంటె పెద్ద బిరుదు తగిలించనవసరం లేదు.

తిరిగి తెరిచిన రింకుల్లో తొలినాళ్ళ వాతావరణం చాలామందిని నిరాశపరిచింది. దుస్తులు మార్చుకునే గదులు లేవు, కూర్చునే బల్లలు తక్కువ, ముందుగా నమోదు చేసుకున్న కొద్దిమందికే ప్రవేశం, ముఖాలకు మాస్కులు. స్కేటింగ్ ముగిసిన తరువాత కాఫీ త్రాగుతూ పడిన పాట్లను చెప్పుకొని నవ్వుకోవడం చాలామంది వయోజనులకు సగం ప్రాణం. ఆ సగం లేకుండా పోయింది. దానితో, తాము ఇంతకాలం వచ్చినది మంచు కోసమా, మనుషుల కోసమా అని తెలిసివచ్చింది. మనుషుల కోసమే వచ్చామని గ్రహించి, స్కేట్లు పక్కనపెట్టి, ఆ మిత్రులను ఉద్యానవనాలలో కలుసుకున్నవారు సరైన పనే చేశారు. వారు ఏమీ కోల్పోలేదు, తమకు కావలసినది ఏదో స్పష్టంగా చూశారు. ఆ ఏకాంతంలోనే కొత్త రుచి కనుగొన్నవారు కూడ ఉన్నారు. పన్నెండు మంది మాత్రమే ఉన్న విశాలమైన మంచు, ఒకరి మాట ఒకరికి వినబడని నిశ్శబ్దం, పలక మంచును కోసే సన్నని ధ్వని. మౌనవ్రతం పట్టినవారికి తెలిసిన సుఖమే అది.

ఆ మంచు కూడ పాతది కాదు. మూసివేత దీర్ఘమైనప్పుడు శీతలీకరణ యంత్రాల వ్యయం భరించలేక అనేక రింకులు మంచును కరిగించివేశాయి. తెరిచేముందు మళ్ళీ వేయవలసి వచ్చింది. కాంక్రీటు నేల లోపల గొట్టాల గుండా అతిశీతల ద్రవం ప్రవహిస్తుంటే, పైన నీటిని పలుచని పొరలుగా చల్లుతారు. ఒక పొర గడ్డకట్టిన తరువాతనే మరొకటి. మధ్యలో తెల్లని రంగు, దానిపై గీతలు, దానిపై మళ్ళీ నీరు. తొందరపడి ఒకేసారి నీరు నింపితే గట్టి మంచు ఏర్పడదు. చివరకు సిద్ధమయ్యే మందం సుమారు ఒక అంగుళం నుండి ఒకటిన్నర అంగుళం. ఇంతటి నృత్యమంతా ఆ అంగుళంపైనే. నిరాకారమైన సచ్చిదానంద సముద్రంలో భక్తి అనే చలువ వల్ల అక్కడక్కడ నీరు మంచుగా గడ్డకట్టి సాకారమవుతుందని, జ్ఞానసూర్యుడు ఉదయించగానే అది కరిగిపోతుందని శ్రీరామకృష్ణ పరమహంస చెప్పేవారు. ఆ ఉపమానం విన్న చెవులతో ఈ పని చూసేవారికి, కరిగినది నశించలేదని, గడ్డకట్టినది కొత్తగా పుట్టలేదని బోధించవలసిన పనిలేదు. నీరు నీరుగానే ఉన్నది. చలువ తిరిగి వచ్చింది.

చలువ ఎప్పుడూ తిరిగి వస్తుందన్న భరోసా కూడ లేదు. కెనడా రాజధాని ఒట్టావాలో రిడో కాలువపై ప్రతి శీతకాలంలో 7.8 కిలోమీటర్ల పొడవున సహజమైన మంచుబాట ఏర్పడుతుంది. 1970 దశకం ఆరంభం నుండి ఏటా ప్రజలు దానిపై స్కేటింగ్ చేస్తున్నారు. మహమ్మారి తీవ్రంగా ఉన్న 2021 జనవరిలో సైతం ఆ బాట తెరుచుకున్నది. ఆకాశమే పైకప్పు కావడంతో, లోపలి రింకులు మూతపడినవారికి అదే ఆధారమయింది. వ్యాధి భయం సడలిన తరువాత వచ్చిన 2022–23 శీతకాలంలో మాత్రం, వాతావరణం వేడెక్కినందున, చరిత్రలో మొదటిసారి ఆ బాట ఒక్కరోజు కూడ తెరుచుకోలేదు. "వచ్చే ఏడాది చూద్దాం" అని వాయిదా వేసినవారు ఆ ఏడాది నీటిని చూశారు. తొందర అక్కరలేదని పైన చెప్పిన మాటకు ఇది విరుద్ధంగా కనబడవచ్చు. కాని లోభంతో కూడిన తొందర వేరు, అనిత్యత్వం ఎరిగినవాడి మెలకువ వేరు. మొదటిది పట్టుకుంటుంది. రెండవది దొరికిన రోజున కృతజ్ఞతతో దిగి, దొరకని రోజున ఇంటికి వెళుతుంది.

పైన ఊహించిన ఆ నలభై అయిదేళ్ళ స్త్రీ 2021లో ఒక ఉదయాన రింకు ద్వారం దగ్గర నిలబడి ఉన్నదని అనుకోవచ్చు. తల్లికి టీకాలు వేయించింది. బూట్లు ఇంటి దగ్గరే తుడిచి తెచ్చుకున్నది. పలకలకు పదును పెట్టించింది. లోపల మంచును నునుపుచేసే యంత్రం చివరి చుట్టు ముగించి వెళ్ళిపోయింది. దాని వెనుక తడి ఇంకా ఆరలేదు. గీత ఒక్కటి కూడ లేని ఆ వేదిక చిత్తవృత్తులు అణగిన అంతఃకరణంవలె మెరుస్తున్నది. ఎగురు గురించి ఆమె ఇవాళ ఆలోచించడం లేదు. ఎడమచేతితో గోడ పట్టుకున్నది, సిగ్గుపడకుండా. మోకాళ్ళు వంచమని పాత గురువు చెప్పిన మాట ప్రకారం మోకాళ్ళు వంచింది. కుడిపాదం మంచుపై పెట్టి, దాని చల్లదనం తోలు గుండా పైకి పాకేవరకు ఆగింది. తరువాత రెండవ పాదం కూడ పెట్టింది.